ఎత్తని ఫోనుకు బిల్లు

సూట్‌కేసులు అటకెక్కి, నిద్ర మళ్లీ మన గడియారంలో పడ్డాక గానీ రోమింగ్ బిల్లు ఇంటికి రాదు. అప్పటికి ఏ రోజున ఏ ఊళ్లో ఫోన్ తీశామో సగం మరిచిపోయి ఉంటాం. నెలనెలా ఐదారు వందలు కట్టే పోస్ట్‌పెయిడ్ నంబరుకు ముప్ఫై వేలో నలభై వేలో పడిందని చూడగానే ఎవరైనా చేసే మొదటి పని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కోప్పడటం. అవతలి మనిషి ‘సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సర్’ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ అంకె సిస్టమ్‌లోకి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు లెక్కపెట్టారు, ఎంత ఆలస్యంగా పంపారు అన్న సంగతి అతనూ చెప్పడు, మనమూ అడగం. రోమింగ్ బిల్లు మీద తగువు నిలిచేదీ వీగిపోయేదీ అక్కడే.

శంషాబాద్‌లో విమానమెక్కి, దోహాలో మారి, డాలస్‌లో దిగే ప్రయాణికుడి ఫోన్‌నే తీసుకుందాం. దోహాలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసిన క్షణాన ఫోన్ చుట్టుపక్కల టవర్లను వెతుక్కుని తన గుర్తింపు చెప్పుకుంటుంది. అది మన ఫోన్ నంబరు కాదు. సిమ్‌లో దాగి ఉండే ఐఎంఎస్‌ఐ అనే 15 అంకెల సంఖ్య. అందులో మొదటి మూడంకెలు దేశానివి. మన సిమ్‌లలో ఎక్కువగా 404, 405 ఉంటాయి, ఖతార్ సిమ్ అయితే 427. ఆ తర్వాతి అంకెలు కంపెనీవి. వాటిని చూడగానే ఖతార్ నెట్‌వర్క్‌కు ఈ ఫోన్ ఎవరిదో తెలిసిపోతుంది. వెంటనే భారతదేశంలోని మన కంపెనీకి కబురు పెడుతుంది: ఇతను మీ చందాదారేనా, రోమింగ్ అనుమతి ఉందా?

మన కంపెనీ దగ్గర చందాదారుల వివరాలుండే పెద్ద డేటాబేస్ ఉంటుంది. పాత నెట్‌వర్క్‌లలో దాన్ని హెచ్‌ఎల్‌ఆర్ అనేవారు, 4జీలో హెచ్‌ఎస్‌ఎస్ అంటారు. అది సిమ్‌లోని రహస్య తాళంచెవితో సరిచూసి, సరే అని జవాబిచ్చి, ‘ఇతను ప్రస్తుతం ఖతార్‌లో ఫలానా నెట్‌వర్క్ కింద ఉన్నాడు’ అని రాసుకుంటుంది. ఊరు మారేవాళ్లు పాత పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి వెళ్లినట్టే. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఆ వెంటనే మనకొచ్చే స్వాగత ఎస్సెమ్మెస్‌ను చాలామంది చూడగానే తీసేస్తారు. తీసెయ్యకూడదు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి మనం దేశం దాటామని మన కంపెనీకి తెలుసుననడానికి అదే రుజువు.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఫిన్లాండ్ టెలికాం, బ్రిటన్ వొడాఫోన్ మధ్య 1992లో తొలి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో తొలి మొబైల్ కాల్ మోగడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. ఒక కంపెనీ చందాదారుకు మరో కంపెనీ సేవ చేసి, లెక్క రాసి, తర్వాత డబ్బు వసూలు చేసుకోవాలన్న మూలసూత్రం నేటికీ అదే.

ఇప్పుడు బిల్లులో జనాన్ని ఎక్కువగా తికమకపెట్టే పద్దు దగ్గరకు వద్దాం: అసలు ఎత్తనే లేదు, అయినా కాల్‌కు డబ్బు వేశారు.

విజయవాడ నుంచి మీ అన్నయ్య మీ నంబరుకు ఫోన్ చేశాడు. మీరు డాలస్‌లో ఉన్నారని ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన చేసింది మామూలు లోకల్ కాల్, ఆయనకు పడేది లోకల్ ఖర్చే. ఆ కాల్ ముందుగా మన కంపెనీ స్విచ్‌కు చేరుతుంది. అది హెచ్‌ఎల్‌ఆర్‌ను అడుగుతుంది, హెచ్‌ఎల్‌ఆర్ అమెరికా నెట్‌వర్క్‌ను అడిగి ఈ ఒక్క కాల్ కోసం తాత్కాలిక నంబరు తెచ్చుకుంటుంది, ఆ నంబరుకు కాల్ సముద్రం దాటుతుంది. ఇక్కడి నుంచి అక్కడి వరకూ అయిన ఖర్చు ఎత్తినవాడిదే. విదేశాల్లో ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బెందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇది.

మీరు ఎత్తలేదనుకోండి. ‘ఎత్తకపోతే ఇంకో నంబరుకు పంపు’ అని ఎప్పుడో పెట్టుకున్న కాల్ ఫార్వర్డింగ్ ఉందనుకోండి. అప్పటికే కాల్ అమెరికా చేరిపోయింది. అక్కడ మోగి మోగి ఆగాక, అక్కడి స్విచ్ దాన్ని మళ్లీ భారతదేశంలోని ఆ రెండో నంబరుకు తిప్పుతుంది. అక్కడ మీ శ్రీమతో, ఆఫీసులో ఎవరో, వాయిస్‌మెయిలో ఎత్తుతుంది. ఇప్పుడు ఒకే సంభాషణ సముద్రాన్ని రెండుసార్లు దాటింది: ఒకసారి మీకు వచ్చిన కాల్‌గా, ఒకసారి మీరు అమెరికా నుంచి చేసిన అంతర్జాతీయ కాల్‌గా. రెండూ మీ ఖాతాలోనే పడతాయి. విచిత్రమేమిటంటే, మీ ఫోన్ పూర్తిగా ఆపేసి ఉంటే ఈ గొడవే ఉండదు. ఫోన్ నెట్‌వర్క్‌లో లేదని మన కంపెనీకి ముందే తెలుసు గనుక కాల్‌ను ఇక్కడి నుంచే రెండో నంబరుకు మళ్లిస్తుంది. మోగించి వదిలేస్తే ఖర్చు, ఆపేస్తే లేదు. విమానమెక్కేముందు ##002# డయల్ చేస్తే అన్నిరకాల ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. ఈ చిన్న కోడ్ తెలియక కట్టిన డబ్బు ఎంతుంటుందో!

కాల్స్ విషయంలో లెక్క రాసేది విదేశీ కంపెనీ. అది రాసిన చిట్టాను ట్యాప్ ఫైల్ అనే ప్రామాణిక రూపంలో మన కంపెనీకి పంపుతుంది. ఈ ప్రమాణాలు ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్‌ఎంఏ పెట్టినవి. సాధారణంగా మధ్యలో క్లియరింగ్ హౌస్‌లు ఉంటాయి. ఇటువాళ్ల చిట్టాలు అటు, అటువాళ్లవి ఇటు పంపి, తప్పులు ఏరి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడం వాటి పని. ఏ దేశపు కరెన్సీకీ చెందని లెక్క కావాలి గనుక అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి ఎస్‌డీఆర్‌ను కొలమానంగా వాడటం ఈ రంగంలో పాత అలవాటు. చిట్టాలో తప్పుంటే వెనక్కి తిప్పి పంపే పద్ధతీ ఉంది. అంటే కంపెనీలు ఒకదాని లెక్కను ఒకటి గుడ్డిగా నమ్మవు. చందాదారు మాత్రమే నమ్మాలన్న నియమం ఎక్కడా లేదు.

ట్యాప్ ఫైలు రావడానికి రోజులు పట్టవచ్చు. ‘మాకు కూడా ఆలస్యంగానే తెలిసిందండీ’ అన్న మాట ఇక్కడి నుంచే వస్తుంది. ఒకప్పుడు అది నిజం. దొంగ సిమ్‌లతో విదేశాల్లో లక్షల రూపాయల కాల్స్ చేసి మాయమయ్యే మోసాలు పెరిగాక, కంపెనీలు తమలో తామే ఒక కట్టడి పెట్టుకున్నాయి. ఎన్‌ఆర్‌టీఆర్‌డీఈ అనే ఆ పద్ధతిలో, కాల్ ముగిసిన నాలుగు గంటల్లోగా దాని సారాంశం సొంత కంపెనీకి అందాలి. అందించడంలో ఆలస్యమై మోసం జరిగితే ఆ నష్టం ఆతిథ్యమిచ్చిన కంపెనీదే. మోసగాళ్ల నుంచి తమను తాము కాపాడుకోవడానికి నాలుగు గంటలు చాలినప్పుడు, చందాదారుకు ఒక హెచ్చరిక పంపడానికి నెల ఎందుకు పట్టిందని అడగడంలో అన్యాయమేమీ లేదు.

డేటా దారి వేరు. చాలా తగువుల్లో కీలకం కూడా ఇదే.

డాలస్‌లో భారతీయ సిమ్ మీద ఇంటర్నెట్ తెరిచి చూడండి. చాలా వెబ్‌సైట్లు మీరు భారతదేశంలోనే ఉన్నారనుకుంటాయి. అందుకు కారణం ఉంది. రోమింగ్‌లో మన డేటా సాధారణంగా అక్కడి ఇంటర్నెట్‌లోకి నేరుగా దిగదు. అమెరికా టవర్ దాన్ని పట్టి, ఒక సొరంగం లాంటి మూసిన మార్గంలో మన కంపెనీ గేట్‌వేకు చేరవేస్తుంది. ఐపీ చిరునామా ఇచ్చేది ఇక్కడి గేట్‌వేనే, బయటి ప్రపంచంలోకి తలుపు తీసేదీ అదే. డాలస్‌లో కూర్చుని పక్క వీధి హోటల్ మెనూ చూడాలన్నా ఆ పేజీ భారతదేశం దాకా వచ్చి వెనక్కి వెళ్లాలి. రోమింగ్‌లో నెట్ నత్తనడక నడవడానికి ఇదొక కారణం. అంటే మీరు వాడిన ప్రతి బైటూ మీ కంపెనీ సొంత యంత్రం గుండానే, అదే క్షణంలో, లెక్కకెక్కుతూ పోయింది. ఇక్కడ ‘మాకు ఆలస్యంగా తెలిసింది’ అన్న మాటకు చోటే లేదు. కొత్తగా వచ్చిన 4జీ వాయిస్ రోమింగ్‌లో కాల్స్ కూడా ఇదే దారిలో ఇంటికొచ్చి వెళ్తాయి. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసేశాక అక్కడ ఈ పద్ధతే ముఖ్యమైంది.

ఇదంతా ఊహ కాదనడానికి మన జేబులోనే సాక్ష్యం ఉంది: ప్రీపెయిడ్ సిమ్. అది అదే విమానంలో వెళ్తుంది, అదే టవర్‌కు తగులుకుంటుంది, అదే గేట్‌వే గుండా డేటా లాగుతుంది. బ్యాలెన్స్ అయిపోగానే గేట్‌వే తలుపు మూసేస్తుంది. కాల్స్‌కు కూడా, విదేశీ స్విచ్ ముందుగా ఇక్కడి ఖాతాను అడిగి, డబ్బుంటేనే కలిపే కామెల్ అనే విధానం ఎప్పటి నుంచో ఉంది. ప్రీపెయిడ్ వాడు రెండు వేలతో వెళ్తే రెండు వేలే పోతాయి. పోస్ట్‌పెయిడ్ వాడికి నలభై వేలు అయ్యే దాకా ఎవరూ ఆపలేదంటే, ఆపడం సాధ్యం కాక కాదు, ఆపకూడదని ఎవరో నిర్ణయించినందువల్ల. క్రెడిట్ లిమిట్ దగ్గరపడుతుంటే పోస్ట్‌పెయిడ్ చందాదారుకు ముందుగా చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలున్నాయి. ఆ కబురు వచ్చిందా, వస్తే ఎప్పుడు వచ్చింది అన్నది మీ ఫిర్యాదులో మొదటి వాక్యం కావాలి.

ఇక అంకెలు అంతగా ఎలా ఉబ్బుతాయో చూద్దాం. ప్యాక్ లేనివాళ్లకు పది కిలోబైట్లకు ఐదున్నర రూపాయలు అని ఒక రేటు ఉందనుకోండి. రాసుకున్నప్పుడు అది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. ఒక మెగాబైట్‌లో 1024 కిలోబైట్లు, అంటే ఎంబీకి 563 రూపాయలు. వాట్సాప్‌లో మనవడి బారసాల వీడియో ఒకటి దానంతటదే డౌన్‌లోడ్ అయి 20 ఎంబీ లాగితే 11 వేల పైచిలుకు. జీబీ లెక్క వేస్తే ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు దాటుతుంది. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. పైగా కొలత పది కిలోబైట్ల ముక్కల్లో జరిగితే, ఒక సెషన్‌లో రెండే కిలోబైట్లు కదిలినా పదిగానే రాస్తారు. సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నచోట చిన్న చిన్న సెషన్లు ఎన్నో పుడతాయి.

ఈ రేటుకూ అసలు ఖర్చుకూ సంబంధం ఎంత? యూరప్‌ను చూస్తే కొంత అర్థమవుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశం సిమ్‌తో మరో సభ్యదేశంలో ఇంటి రేటుకే మాట్లాడుకోవచ్చు. కంపెనీ కంపెనీకి ఇచ్చుకునే టోకు ధరకు కూడా అక్కడ చట్టం పరిమితి పెట్టింది. 2022లో జీబీకి 2 యూరోలున్న ఆ పరిమితి 2025లో 1.30 యూరోలకు దిగింది, 2027లో 1 యూరో అవుతుంది. 1.30 యూరోలంటే మన రూపాయల్లో నూట ముప్ఫైకి అటూ ఇటూ. ఇది యూరప్ లోపలి ధర, మన కంపెనీలకు వర్తించదు. ఒప్పుకుందాం. కానీ నూటముప్ఫైకీ ఐదు లక్షలకూ మధ్య ఉన్న ఎడం దూరానిదో, కేబుళ్లదో, ఉపగ్రహాలదో కాదని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. గట్టిగా అడిగితే కొన్నిసార్లు కంపెనీలు ‘ఈ ఒక్కసారికి’ అంటూ వెనకటి తేదీ నుంచి ప్యాక్ వేసి బిల్లు తగ్గించగలిగేది ఈ ఎడం ఉన్నందువల్లే.

ప్యాక్ వేసుకున్నా చిక్కులు తప్పవు. అమెరికా ప్యాక్ తీసుకుని దోహాలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీశారు. ఆ ప్యాక్‌లో ఖతార్ లేకపోతే అక్కడ ఉన్నంతసేపూ మామూలు రేటే. విమానంలోనే సిగ్నల్ కనబడి సంబరపడినవాళ్లకు మరో చిక్కు. అది కింద ఉన్న ఏ దేశపు టవరూ కాదు. విమానంలోనే చిన్న టవర్ ఉంటుంది, అది ఉపగ్రహం ద్వారా భూమితో మాట్లాడుతుంది. దానికి దేశమే లేదు గనుక 901 అనే అంతర్జాతీయ కోడ్ ఇచ్చారు. క్రూయిజ్ ఓడల నెట్‌వర్క్‌లదీ ఇదే వరస. దేశాల జాబితాతో ఉన్న ప్యాక్‌లో ఇవి ఉండకపోవచ్చు, ఉపగ్రహం ఖర్చు నిజంగానే ఎక్కువ. సరిహద్దులదీ వేరే కథ. రేడియో తరంగానికి సరిహద్దు రాయి కనిపించదు. పాత జీఎస్‌ఎం టవర్ 35 కిలోమీటర్ల దాకా అందుతుంది, నీటి మీద అడ్డంకులుండవు. నయాగరా దగ్గర అమెరికా ఒడ్డున నిలబడిన ఫోన్ కెనడా టవర్‌ను పట్టుకోవడంలో వింతేమీ లేదు. మీ బిల్లులో మీరు అడుగు పెట్టని దేశం కనబడితే ముందుగా మ్యాప్ చూడండి, తర్వాత కోప్పడండి. సరిహద్దు వల్లనే అయితే, ఆ రోజు మీరు ఎక్కడున్నారో చూపే హోటల్ రసీదు చాలా మాట్లాడుతుంది.

వీటన్నిటి కంటే తరచుగా బిల్లును చిక్కుముడి వేసేది గడియారం. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ 14వ తేదీ రాత్రి తొమ్మిదింటికి మాట్లాడితే మనకు అప్పటికే 15వ తేదీ ఉదయం ఏడున్నర. విదేశీ కంపెనీ చిట్టాలో స్థానిక సమయం ఉంటుంది, గ్రీనిచ్‌తో తేడా కూడా పక్కన ఉంటుంది. మన కంపెనీ ప్యాక్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో మన సమయంలో రాసుకుంటుంది. ‘ఒక రోజు’ అంటే ఇరవై నాలుగు గంటలా, భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాకానా? ప్యాక్ చివరి రోజు సాయంత్రం చేసిన కాల్స్ ప్యాక్ బయట పడ్డాయంటే తొంభై పాళ్లు ఇక్కడే చూడాలి. బిల్లు ప్రతి పద్దు పక్కనా ఏ దేశపు సమయం వేశారో రాతపూర్వకంగా అడిగితే, ఒక్కోసారి ఆ ప్రశ్నతోనే సగం మొత్తం కరిగిపోతుంది.

మన చేతిలో ఉండే సాక్ష్యాలు తక్కువేమీ కావు. ఆండ్రాయిడ్‌లో సిమ్‌ల వారీగా, యాప్‌ల వారీగా డేటా వాడకం కనిపిస్తుంది. ఐఫోన్‌లో రోమింగ్‌కు విడి మీటరే ఉంది. ఫోన్ లెక్కా నెట్‌వర్క్ లెక్కా అచ్చంగా సరిపోవు, కొద్ది తేడా సహజం. మీ ఫోన్ 12 ఎంబీ అంటుంటే బిల్లు 140 ఎంబీ అంటోందంటే మాత్రం అది సహజమైన తేడా కాదు. ఆ తెరలను ఫొటో తీసి పెట్టుకోండి, కొత్త ఫోన్ కొనేలోపే. బ్యాంకు ఓటీపీల కోసమని భారతీయ సిమ్‌ను వెంట ఉంచుకునే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో. ఓటీపీకి డేటా అక్కర్లేదు. ఎస్సెమ్మెస్ సిగ్నలింగ్ దారిలో వచ్చేస్తుంది, రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందుకోవడం సాధారణంగా ఉచితమే. ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మీట ఆపి ఉంచి, నెట్ కోసం అక్కడి సిమ్ వాడుకుంటే సరిపోతుంది. ఈ మాట పిల్లలు ముందే చెప్పి పంపితే ఎంత బాగుండును!

ఫిర్యాదు మాటల్లో కాక రాతలో ఉండాలి. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసినా సరే, వాళ్లిచ్చే డాకెట్ నంబరు తీసుకుని, అదే సంగతి ఈమెయిల్‌లోనూ పెట్టండి. ‘ఈ బిల్లు అన్యాయం’ అన్న వాక్యానికి జవాబు రాయడం వాళ్లకు తేలిక. ‘ఫలానా తేదీ డేటా పద్దులో ప్రతి సెషన్ మొదలు, ముగింపు, బైట్లు, విదేశీ నెట్‌వర్క్ పేరు ఇవ్వండి, నా ప్యాక్ అభ్యర్థన మీకు అందిన సమయం, యాక్టివేట్ చేసిన సమయం ఇవ్వండి, నాకు పంపిన హెచ్చరిక ఎస్సెమ్మెస్‌ల చిట్టా ఇవ్వండి’ అని అడిగితే, జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు రికార్డు తెరవాల్సిందే. తగువు లేని భాగాన్ని, అంటే నెల అద్దెను, మీరు ఒప్పుకునే కాల్స్‌ను గడువులోపే కట్టి, ఏ మొత్తం మీద అభ్యంతరమో అంకెతో సహా రాయండి. మొత్తం ఆపేస్తే నంబరు కట్టవుతుంది, ఆ నంబరుకే మీ బ్యాంకు, ఆధార్ అన్నీ ముడిపడి ఉంటాయి. ఆటోపే ఉంటే బిల్లు తేదీకి ముందే ఆపాలి. వెళ్లిపోయిన డబ్బును వెనక్కి రప్పించడం, వెళ్లకుండా ఆపడం కంటే ఎప్పుడూ కష్టమే.

ట్రాయ్ విడి విడి చందాదారుల తగువులు తీర్చదు. చాలామంది ముందుగా అక్కడికే రాసి నెల పోగొట్టుకుంటారు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ ఫిర్యాదుల కేంద్రం పైన అప్పిలేట్ అథారిటీ ఉండాలి. కేంద్రం జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అక్కడికి అప్పీల్ చేసుకోవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలు వినేది కంపెనీ లోపలి ఏర్పాటే గనుక పెద్ద ఆశలు పెట్టుకోనక్కర్లేదు. అయినా ఆ మెట్టు ఎక్కి రావడం మంచిది, తర్వాతి చోట ఆ కాగితాలే పనికొస్తాయి.

తర్వాతి చోటు వినియోగదారుల కమిషన్. కొంతకాలం ఈ తలుపు మూసి ఉన్నట్టే లెక్క. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ఇలాంటి తగువులను మధ్యవర్తికి వదిలేసిందనీ, వినియోగదారుల ఫోరాలకు అధికారం లేదనీ 2009లో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని కంపెనీలు కేసులను గుమ్మంలోనే ఆపేవి. అహ్మదాబాద్‌లో ఒక వొడాఫోన్ చందాదారు విషయంలో కథ మారింది. ఆయన సగటు నెల బిల్లు 555 రూపాయలు. 2013 నవంబరు–డిసెంబరు బిల్లు 24,609 రూపాయల 51 పైసలు వచ్చింది. ఆయన జిల్లా ఫోరానికి వెళ్లాడు. కంపెనీ ఫోరానికి అధికారమే లేదంటూ రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కంపెనీ అప్పీలును కొట్టేసింది. వినియోగదారుల ఫోరం ఒక అదనపు దారి, పాత చట్టం దాన్ని మూయలేదని చెప్పింది. ఎనిమిదేళ్లు గడిచాక తేలింది బిల్లు తప్పా ఒప్పా అన్నది కాదు, ఆ ప్రశ్న ఎక్కడ అడగాలన్నది మాత్రమే. ఆ ఎనిమిదేళ్లు ఇకమీద ఎవరూ ఖర్చుపెట్టనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవల నిర్వచనంలోనే టెలికాం ఉంది.

ఆ చట్టం ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లలోగా కేసు వేయాలి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, మీరున్న జిల్లాలోనే వేయవచ్చు. కరీంనగర్ వాళ్లు కరీంనగర్‌లో, ఏలూరు వాళ్లు ఏలూరులో. సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేసుకోవచ్చు. అంతకు ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబితే వాళ్లు కంపెనీతో మాట్లాడతారు, చిన్న మొత్తాలు కొన్ని అక్కడే తెగిపోతాయి. కమిషన్ దాకా వెళ్లేవాళ్లు దస్త్రంలో బిల్లుతో పాటు పాస్‌పోర్టులోని ముద్రల పేజీ, బోర్డింగ్ పాస్‌లు, దోహాలోనూ డాలస్‌లోనూ వచ్చిన ఎస్సెమ్మెస్‌ల చిత్రాలు, డాకెట్ నంబర్లు, అప్పిలేట్ అథారిటీ జవాబు పెట్టాలి. అడిగినా కంపెనీ ఇవ్వని రికార్డులేమిటో కూడా ఒక విడి కాగితం మీద రాసి జతచేయాలి. డేటా పద్దు అయితే ఆ కాగితంలో మొదట రాయవలసింది ఇక్కడి గేట్‌వే చిట్టా. అది విదేశీ కంపెనీ దగ్గర లేదు, వీళ్ల దగ్గరే ఉంది.